ముందు స్టాండు, తర్వాతే టెలిస్కోప్

ప్రశ్న: నమస్తే సార్. మాది కావలి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) ఫోటోలు చూసి చూసి పిచ్చి పట్టింది. ట్యూషన్లు చెప్పి 40,000 కూడబెట్టాను. 130 ఎంఎం రిఫ్లెక్టర్ (అంత వెడల్పు అద్దం ఉన్న టెలిస్కోప్), ఫోకల్ లెంత్ 650 ఎంఎం ఉన్నది ఒకటి చూసి పెట్టుకున్నా. మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది, ఆయన పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్సు ఇస్తానన్నాడు. ఆ కెమెరా తగిలించి ఓరియన్ నెబ్యులా తియ్యొచ్చా? కొనెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. అది చెడ్డదని కాదు, కళ్ళతో చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది, చంద్రుడు, శని వలయాలు, గురుడి చంద్రులు చూసి ఇంట్లోవాళ్ళంతా మురిసిపోతారు. కానీ మీరడిగింది నెబ్యులా ఫోటో. అందులో అసలు పని గొట్టానిది కాదు, దాన్ని మోసే స్టాండుది.

భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగిపోతూ ఉంటుంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలైపోతాయి. ఎంతసేపు తెరవొచ్చో ఒక మోటు లెక్కుంది: 500ని ఫోకల్ లెంత్‌తో భాగించి, మీ కెమెరాది చిన్న సెన్సర్ అయితే మళ్ళీ 1.6తో భాగించాలి. 50 ఎంఎం లెన్సుకు 6 సెకన్లు వస్తుంది. అదే లెక్క 650కి వేసి చూడండి, అర సెకను కూడా రాదు. ఆ కాస్త టైములో నెబ్యులా వెలుగు ఏం పడుతుంది? పైగా ఇలాంటి చిన్న రిఫ్లెక్టర్లు చాలావాటికి డీఎస్‌ఎల్‌ఆర్ తగిలిస్తే ఫోకసే కుదరదు. ఫోకసర్ ఇంకొంచెం లోపలికి వెళ్ళాలి, వెళ్ళదు. మధ్యలో బార్లో లెన్సు పెడితే కుదరొచ్చు గానీ ఫోకల్ లెంత్ రెట్టింపై, ఉన్న అర సెకనూ సగమవుతుంది.

నేను మొదట కొన్నది 76 ఎంఎంది. డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. అంత చిన్న అద్దంతో 150 రెట్లు దాటితే మసకేనని అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. శని దొరికేది, ఫోకస్ చేద్దామని మర మీద వేలు పెట్టగానే స్టాండు ఊగి శని గంతులేసేది, ఆ ఊపు ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే ఈలోగా అది కనబడే చోటు దాటి వెళ్ళిపోయేది. తప్పు నాదేననుకుని ఆరు నెలలు కుమిలిపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక మీరు చెయ్యాల్సింది. వానలు, తుపాన్లు డిసెంబరుతో మన వైపు తగ్గుతాయి కాబట్టి జనవరి అమావాస్య చూసుకోండి. తీరం పొడుగునా రొయ్యల గుంటల లైట్లే, అటు వద్దు, తోడు ఎవరినైనా తీసుకుని ఉదయగిరి కొండల వైపు వెళ్ళండి. గట్టి ట్రైపాడ్‌కు నడుమ నీళ్ళ క్యాన్ వేలాడదియ్యండి, కదలదు. కెమెరా సెట్టింగులు ఇవి: ఐఎస్‌ఓ 1600, ఎపర్చర్ 2.8, రా ఫైల్ (జేపెగ్ కాదు), షట్టర్ 6 సెకన్లు. అలాంటివి 200 తియ్యండి, అంటే 20 నిమిషాల వెలుగు పోగైనట్టే. మధ్యమధ్యలో కెమెరాను మళ్ళీ ఓరియన్ మీదికి తిప్పుకోవాలి, మర్చిపోవద్దు. చివర్లో మూత పెట్టి అవే సెట్టింగులతో ఓ 20 తియ్యండి, సెన్సర్ చుక్కలు తీసెయ్యడానికి అవి కావాలి. అన్నీ డీప్‌స్కైస్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వెయ్యండి, ఫోటోలన్నీ పేర్చి ఒక్కటిగా కలుపుతుంది, ఉచితమే. వరసగా ఉండే మూడు చుక్కల కింద చిన్న గులాబీ మరక తేలుతుంది చూడండి, అది మీరు తీసిన ఓరియన్ నెబ్యులా! పిల్లలకోడి, అదే కృత్తికలు, ఇలాగే వస్తాయి.

ఇది రెండు మూడు సార్లు చేశాక కూడా ఉత్సాహం ఉంటే అప్పుడు డబ్బు తియ్యండి. టెలిస్కోప్‌కు కాదు, స్టార్ ట్రాకర్‌కు. ట్రైపాడ్‌కు, కెమెరాకు మధ్య బిగించే చిన్న మోటారు అది, ఆకాశంతో పాటు కెమెరాను తిప్పుతుంది. మీ డబ్బులో ఎక్కువ భాగం దానికే పోతుంది, అయినా ఆరు సెకన్లు నిమిషం, రెండు నిమిషాలవుతాయి.

దాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి, మనకు చిక్కంతా అక్కడే. కావలిలో ధ్రువుడు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు, అంటే నేల నుంచి ఒకటిన్నర పిడికిలి! మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చాలు, మాయమైపోతాడు. ఉత్తరం పూర్తిగా తెరుచుకున్న చోటు పగలే చూసుకోండి. ట్రాకరైనా, టెలిస్కోప్‌ను మోసే మౌంటైనా 15 డిగ్రీల దాకా వంగుతుందో లేదో అడిగి కొనండి, కొన్ని 20 దగ్గరే ఆగిపోతాయి.

ధ్రువుడు అంత కిందికి దిగాడంటే ఆ మేరకు దక్షిణాకాశం మనకు పైకి లేచినట్టే. ఒమేగా సెంటారీ అనే లక్షల చుక్కల గుత్తి లండన్ వాళ్ళకు ఎప్పటికీ కనబడదు. మీకు మే మధ్యలో రాత్రి 10 గంటలకు దక్షిణాన దాదాపు మూడు పిడికిళ్ళ ఎత్తులో ఉంటుంది. ట్రాకర్ వస్తే రెండో ఫోటో అదే తియ్యండి.

ప్రశ్న: మాది ఒంగోలు, టీచర్‌ని. మా అమ్మాయి టెలిస్కోప్ లెన్సు మీద తెల్లవారుజామున మంచు పడుతోంది. చీర కొంగుతో తుడుస్తున్నాను, ఏమన్నా అవుతుందా?

జవాబు: తుడవకండమ్మా. సముద్రపు గాలిలో ఉప్పు, దుమ్ము ఉంటాయి, కొంగుతో రుద్దితే లెన్సు పూత గీసుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఊదండి, చాలు. ముందు జాగ్రత్తగా నల్ల డ్రాయింగ్ షీటును గొట్టంలా చుట్టి ముందు తొడగండి, పొడవు లెన్సు వెడల్పుకు ఒకటిన్నర రెట్లుండాలి. తడి మీద మాత్రం మూత పెట్టొద్దు, ఫంగస్ పడుతుంది. ఇంట్లో పూర్తిగా ఆరాక, సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టండి.