చైనా గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

చైనా జాతీయవాదం మీద నువ్వు రాసిన వ్యాసం పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. పెన్సిలు గీతలతో తిరిగి పంపుతున్నాను. ఆ గీతలకు కారణాలు కాగితం అంచుల్లో ఇమడవు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి పేజీలోనే "చైనా కోరుకుంటోంది", "చైనా మండిపడింది", "చైనా ఊరుకోదు" అని తొమ్మిది చోట్ల రాశావు. ఎవరమ్మా ఆ చైనా? పార్టీ ప్రధాన కార్యదర్శా, విదేశాంగ శాఖ ప్రతినిధా, రాత్రి రెండు గంటలకు ఫోనులో జపాన్‌ను తిట్టిపోస్తున్న ఇరవై ఏళ్ళ కుర్రవాడా, ఆ కుర్రవాడిని చూసి భయపడే వాళ్ళ నాన్నా? 140 కోట్ల మంది ఒకే గొంతుతో కోపగించుకోరు. అలా కోపగించుకుంటున్నట్టు కనబడాలని కోరుకునేవారు ఉంటారు. ఆ కోరికకు నీ వాక్యం తెలియకుండానే సాయపడుతోంది.

ఈ తప్పు నేనూ చేశాను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆ వార్త తెలిసిన రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. రెండు రోజుల్లో వ్యాసం రాసి పంపాను. చాలామంది మెచ్చుకున్నారు. ఏడాది గడిచాక తీసి చదివితే, అందులో చైనా అన్న మాట పేరా పేరాలో ఉంది కానీ చైనా మనిషి ఒక్కడూ లేడు. నా దుఃఖాన్ని నేను తప్పుపట్టను. ఆ దుఃఖంతో రాసినదాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించుకోలేను.

ఆ వ్యాసంలో ఏమి ఉండవలసిందో చెబుతాను. తమ వైపు ఎవరు చనిపోయారో బీజింగ్ ప్రభుత్వం ఎనిమిది నెలలు చెప్పలేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురు మరణించారని ప్రకటించి, వారిని వీరులుగా సన్మానించింది. అంత తక్కువమందేనా అని సందేహం వెలిబుచ్చిన ఒక బ్లాగర్‌ను, లక్షలమంది అనుసరించే మనిషిని, పట్టుకుపోయి ఎనిమిది నెలల జైలుశిక్ష వేశారు. వీరులను, అమరులను కించపరచడం నేరమని చెప్పే కొత్త నిబంధన కిందే ఆ శిక్ష పడింది. ఆ ఘర్షణలో గాయపడిన వారి కమాండర్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకుని నడిచాడు. దానికి నిరసనగా మన దౌత్యవేత్తలు ప్రారంభోత్సవానికి వెళ్ళలేదు. వరసగా చూడు. ముందు మౌనం, తర్వాత సన్మానం, దాని వెంటే శిక్ష, చివరికి ఊరేగింపు. జనం ఎప్పుడు కోపగించుకోవాలో, ఎంతవరకు కోపగించుకోవాలో పైనుంచి కొలిచి ఇస్తున్నారు. అంత జాగ్రత్త ఎందుకు? నీ వ్యాసం అడగవలసిన ప్రశ్న ఇదే. పన్నెండు పేజీల్లో ఎక్కడా అడగలేదు.

జవాబు కోసం 1841కి వెళ్ళాలి. నల్లమందు యుద్ధాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, "పాశ్చాత్యుల చేతిలో అవమానం" అని. ఆ నల్లమందు ఎక్కడ పండింది? బీహార్‌లో, బనారస్‌లో, ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కింద. కలకత్తాలో వేలంవేసి, ఓడలకెత్తి చైనా తీరానికి చేరవేశారు. 1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి 20,000 పెట్టెలకు పైగా స్వాధీనం చేసుకుని హుమెన్‌లో నాశనం చేయించాడు. దానికి బదులుగా బ్రిటన్ పంపిన యుద్ధనౌకల్లో మద్రాసు సైన్యం కూడా ఉంది. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో చేరిన సైన్యం అది.

1841 మే నెలాఖరున దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం పక్కన, సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర ఏమి జరిగిందో వివరంగా రాయి. సైనికులు సమాధులు తవ్వారని, ఆడవాళ్ళ మీద చేయి వేశారని ఊళ్ళు రగిలిపోయాయి. చుట్టుపక్కల వందకు పైగా గ్రామాల జనం బల్లేలు, పారలు, కత్తులు పట్టుకుని వచ్చారు. ఉరుములతో కుంభవృష్టి. మద్రాసు 37వ పదాతి రెజిమెంటుకు చెందిన ఒక దళం దారి తప్పి వాళ్ళ మధ్య చిక్కుకుంది. సిపాయిల పాతకాలపు తుపాకుల్లో మందు తడిసిపోయి పేలలేదు. చీకటిపడ్డాక, వానలోనూ పేలే కొత్తరకం తుపాకులతో మెరైన్లు వచ్చి వాళ్ళను విడిపించుకుపోయారు. ఇవాళ ఆ ఊరి పాత గుడి ఒక స్మారక మ్యూజియం. చైనా బడిపిల్లలు తరతరాలుగా ఆ పాఠం చదివారు. ఆ పాఠంలో బురదలో నిలబడ్డ శత్రువు అప్పటి మన రాజధాని మద్రాసు నుంచి వెళ్ళిన సిపాయి.

ఇది రాస్తే మనవాళ్ళను తక్కువ చేసినట్టవుతుందని నీకు సంకోచం కలగవచ్చు. జీతానికి అమ్ముడుపోయిన పేదవాళ్ళు వాళ్ళు, ఎవరి వ్యాపారం కోసం తడుస్తున్నారో కూడా వాళ్ళకు తెలియదు. వాళ్ళ పట్ల దయతోనే రాయి. కానీ రాయకుండా ఉండకు. "పాశ్చాత్యులు, చైనీయులు" అని రెండు గడులు గీసి, మనం మూడోచోట కూర్చుని చూస్తున్నట్టు రాయడానికి మనకు హక్కులేదు.

సాన్‌యువాన్‌లీ కథకు ఇంకో భాగం ఉంది, నాకు అదే ముఖ్యం. మర్నాడు బ్రిటిష్ సేనాని బెదిరించగానే, చైనా నగరాధికారి స్వయంగా వచ్చి గ్రామస్థులను వెనక్కి పంపించేశాడు. అప్పటినుంచి ఆ ప్రాంతంలో ఒక నమ్మకం స్థిరపడింది: జనం గెలిచేవారే, అధికారులే ద్రోహం చేశారు అని. నిజానికి గెలిచేవారో కాదో వేరే సంగతి. నమ్మకం మాత్రం నిలిచింది. అంటే ఈ జాతీయవాదానికి పుట్టినరోజునుంచే రెండు లక్ష్యాలు ఉన్నాయి. ఒకటి ఓడలో వచ్చినవాడు, రెండోది తలవంచిన తన పాలకుడు.

1919 మే 4 చూడు. జర్మనీ చేతిలో ఉన్న షాన్‌డాంగ్ రాష్ట్రపు హక్కులను పారిస్ శాంతి సమావేశంలో జపాన్‌కు కట్టబెట్టారని విని, 3,000 మంది దాకా విద్యార్థులు తియానన్‌మెన్ దగ్గర చేరారు. విదేశీ రాయబార కార్యాలయాల వైపు దారి మూసేస్తే ఎటు మళ్ళారు? తమ మంత్రి ఇంటికి. ఆ ఇల్లు తగలబెట్టారు. నెల తిరిగేసరికి ముగ్గురు అధికారులు పదవులు పోగొట్టుకున్నారు. 1911-12లో చైనాను ఏలుతున్న మంచూ వంశపు చక్రవర్తిని దించిన ఆవేశంలోనూ ఇదే లెక్క ఉంది: దేశాన్ని కాపాడలేనివాడికి సింహాసనం ఎందుకని. ఇప్పటి పాలకులు ఈ చరిత్రను బాగా చదువుకున్నవారు. మే 4 తరంలోంచే తమ పార్టీ పుట్టిందని వాళ్ళకు తెలుసు. అందుకే ఆ కొలత, ఆ జాగ్రత్త.

ఇక మాటల దగ్గర నువ్వు తొందరపడ్డావు. వాళ్ళ భాషలో "మిన్‌జు" అనే మాటను ఒకచోట తెగ అనీ, ఇంకోచోట జాతి అనీ, మరోచోట దేశం అనీ అనువదించావు. ఆ మాట జపాన్ మీదుగా చైనాకు వచ్చింది. మన దేశానికి పేరే లేదు, రాజవంశాల పేర్లతోనే పిలుచుకుంటున్నాం అని 1901లో లియాంగ్ చీచావో అనే చైనా మేధావి బాధపడ్డాడు. కొద్దికాలానికే "జోంగ్‌హువా మిన్‌జు" అన్న మాటను వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. మంచూలను తరిమేద్దామన్న విప్లవకారులే 1912లో హాన్, మంచూ, మంగోల్, హుయి, టిబెటన్లు అందరికీ కలిపి ఐదు రంగుల జెండా ఎత్తవలసి వచ్చింది, సామ్రాజ్యపు హద్దులను వదులుకోవడం ఇష్టంలేక. నేడు ప్రభుత్వం గుర్తించిన 56 సమూహాల్లో ప్రతి ఒక్కటీ మిన్‌జు, అందరూ కలిసిన మొత్తమూ మిన్‌జు. తెలుగులో దీనికి చక్కటి మాట నీ చేతిలోనే ఉంది. మనం తెలుగు జాతి అంటాం, భారత జాతి అంటాం. ఆ సందిగ్ధం మనకు అలవాటే. కాబట్టి "జాతి" అనే అను, ప్రతిసారీ అదే అను. చిన్న జాతిని పెద్ద జాతి ఎప్పుడు మింగేస్తుందో అప్పుడు పాఠకుడికి దానంతటదే వినబడుతుంది. 2020లో చైనాలోని లోపలి మంగోలియా బడుల్లో భాష, చరిత్ర, రాజనీతి పాఠాలను మంగోలు నుంచి చైనీస్‌కు మార్చినప్పుడు తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. భాషా రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో ప్రాణం విడిచిన మనిషి కథ విని పెరిగిన పాఠకుడికి ఆ తల్లిదండ్రుల గురించి ఎక్కువ వివరించనక్కరలేదు.

ఆరో పేజీలో ఒక వాక్యాన్ని పూర్తిగా కొట్టేశాను. "ప్రభుత్వం నూరిపోసిన విషంతో యువత మెదళ్ళు చెడిపోయాయి" అన్నది. ఒక దేశపు పిల్లలందరినీ అలా తీసిపారేయకు. పాఠంలో చెప్పినవి జరిగినవే. జపాన్ సైన్యం చేసిన నాన్‌జింగ్ మారణహోమం జరిగింది. బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెట్టిన మంటల్లో బీజింగ్ వేసవి రాజప్రాసాదం తగలబడింది. చూడవలసింది ఏమిటంటే, ఆ గాయాన్ని ఎప్పుడు కప్పి ఉంచారు, ఎప్పుడు విప్పి చూపారు అన్నది. 1972లో జపాన్‌తో సంబంధాలు కావలసివచ్చినప్పుడు మావో ప్రభుత్వం యుద్ధ నష్టపరిహారాన్నే వదులుకుంది. నాన్‌జింగ్‌లో స్మారక భవనం 1985లో గాని తెరుచుకోలేదు. 1989లో తియానన్‌మెన్ చుట్టుపక్కల విద్యార్థుల మీద, పౌరుల మీద తుపాకులు పేల్చిన కొద్దిరోజులకే, గత పదేళ్ళలో తమ పెద్ద తప్పు విద్యలో జరిగిందని డెంగ్ జియావోపింగ్ అన్నాడు. 1994లో దేశభక్తి విద్యా కార్యక్రమం వచ్చింది. సామ్యవాదం మీద నమ్మకం సడలిన చోట "శతాబ్దపు అవమానం", అంటే నల్లమందు యుద్ధం నుంచి నూరేళ్ళు విదేశీయుల చేతిలో పడ్డ బాధల కథ, వచ్చి కూర్చుంది. 2014 నుంచి డిసెంబరు 13 నాన్‌జింగ్ మృతులకు జాతీయ సంస్మరణ దినం. 2024 జనవరి నుంచి దేశభక్తి విద్య ఏకంగా చట్టం. ఈ తేదీల మధ్య ఉన్న ఖాళీలను చదివించు. అంతకంటే పెద్ద విమర్శ అక్కరలేదు.

అలాగని అంతా పార్టీ సృష్టేనని రాసినా తప్పే. దక్షిణ చైనా సముద్రం తమదేనని దాని మీద గీసిన గీతల పటం 1947 నాటిది, చాంగ్ కై షేక్ ప్రభుత్వం అచ్చువేసింది. అప్పట్లో పదకొండు గీతలు, తర్వాత రెండు తీసేశారు. ఆ చాంగ్ కై షేక్ 1928 నుంచి ఏళ్ళ తరబడి రోజూ డైరీలో "అవమానాన్ని కడిగివేయాలి" అనే రెండక్షరాల మాట రాసుకున్నాడు. కమ్యూనిస్టుల బద్ధశత్రువు గుండెల్లో కూడా ఇదే మంట. రేపు ఆ దేశంలో ఎన్నికలు వచ్చినా ఆ పటం చెరిగిపోతుందని నేను అనుకోను.

విదేశాంగ విధానం గురించి నువ్వు మూడు పేజీలు ఖర్చుచేశావు, ఒప్పందాల పేర్లతో నింపి. వాటి బదులు 2012 సెప్టెంబరులోని ఒక్క రోజు చాలు. వివాదంలో ఉన్న దీవులను జపాన్ ప్రభుత్వం కొన్నదని నగరాల్లో ఊరేగింపులు జరిగాయి. మొదట పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. షియాన్‌లో జపాన్ కంపెనీ కారు నడుపుతున్న మనిషిని కిందికి లాగి, సైకిలు తాళంతో తల పగలగొట్టారు. అతను జపాన్ వాడు కాదు. భార్యాబిడ్డలతో వెళుతున్న చైనీయుడు, ఆ ఊరివాడే. శరీరంలో ఒక పక్క చచ్చుబడిపోయింది. ఆ తర్వాత గాని ప్రభుత్వం ఊరేగింపులను ఆపించలేదు. పులి మీద స్వారీ అంటామే, ఎక్కినవాడికి దిగడం కష్టం. బల్ల దగ్గర కూర్చున్న దౌత్యవేత్త ఒక్క అడుగు తగ్గాలన్నా, ద్రోహి అన్న కేక బయట సిద్ధంగా ఉంటుంది. సాన్‌యువాన్‌లీలో లేచిన కేకే అది.

చైనా రచయిత లూ షున్ గురించి నీకు క్లాసులో ఒకసారి చెప్పాను. 1906 ప్రాంతంలో జపాన్‌లోని సెండాయ్‌లో వైద్యం చదువుతుండగా, తరగతిలో ఒక చిత్రం చూపారు. గూఢచారి అన్న నేరం మీద ఒక చైనీయుడి తల నరకబోతున్నారు. చుట్టూ చైనీయులే నిలబడి వింత చూస్తున్నారు. ఆయన కత్తి పట్టిన జపాన్ సైనికుడి దగ్గర ఆగిపోలేదు. ఆ చూస్తున్న ముఖాలను చూశాడు. వైద్యం మానేసి రచనలోకి వచ్చాడు. తన జనాన్ని అంత కఠినంగా, అంత ప్రేమగా చూసినవాడిని ఏ దేశంలోనైనా దేశభక్తుడనే అంటాను. నువ్వు కూడా చుట్టూ నిలబడినవాళ్ళ ముఖాలు చూడాలి.

చూడవలసిన ముఖం ఒకటి నీ దగ్గర ఇప్పటికే ఉంది, ఏడో పేజీలో. షెన్‌యాంగ్‌లో వైద్యం చదివివచ్చిన మీ పిన్నిగారి అబ్బాయి గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశావు. సెప్టెంబరు 18న నగరమంతా సైరన్లు మోగాయని, ఏమీ అర్థంకాక అతను కంగారుపడ్డాడని. 1931లో అదే తేదీన, అదే నగరం అంచున జపాన్ సైన్యం తానే రైలు పట్టాలు పేల్చి, ఆ సాకుతో మంచూరియాను ఆక్రమించుకుంది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. మిగతాది దాని వెనక నడవాలి.

మీ అన్నయ్యకు ఫోను చేయి. అప్పుడు ఎక్కడున్నాడో అడుగు, రోడ్డు మీదా, ప్రయోగశాలలోనా. వాహనాలు ఆగాయా, హారన్లు మోగించారా. పక్కనున్న సహపాఠి తల వంచుకుందా, ఫోను తీసి వీడియో తీసిందా, పట్టించుకోకుండా నడిచిపోయిందా. ఈ సైరన్ ఎందుకని అతను ఎవరినైనా అడిగాడా, అడిగితే ఏమి చెప్పారు. చెబుతున్నప్పుడు, అతను భారతదేశం నుంచి వచ్చాడన్నది వాళ్ళకు గుర్తుందా. అతని మాటల్లోనే రాసుకో, నువ్వు దిద్దకు. సంక్రాంతికి నేను ఊళ్ళోనే ఉంటాను, ఆ కాగితాలు పట్టుకురా.

ఆశీస్సులతో,
నీ మాస్టారు