బెంగళూరులో కొత్త కాపురం: ఎక్కడ పొదుపు చేయాలి?

"జీతం పెరిగింది, అయినా ఇరవయ్యో తారీఖుకి చేతిలో ఏమీ మిగలడం లేదు" అని బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. అప్పటికే పాలు, కూరగాయలు తగ్గించేసి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ ఊళ్ళో డబ్బు ఎక్కువగా కరిగిపోయేది ఇంటి అద్దె దగ్గర.

ఇక్కడ అడ్వాన్సు అంటే పాత అలవాటు ప్రకారం పది నెలల అద్దె. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి ఒప్పుకుంటున్నారు కానీ, అడిగితేనే. అద్దె 25,000 అయితే పది నెలలకి రెండున్నర లక్షలు, పైసా వడ్డీ లేకుండా ఓనర్ దగ్గర ఉండిపోతాయి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలే. ఎంత కోస్తారు, ఏటా అద్దె ఎంత పెంచుతారు అన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటిమాట మీద ఆధారపడొద్దు. ఇంట్లో కావేరి నీళ్ళు వస్తాయా, బోరేనా, ఎండాకాలంలో ట్యాంకర్ డబ్బు ఎవరు కడతారు అనేవి కూడా ముందే అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు, అద్దె తక్కువని ఊరి చివర దిగినవాళ్ళు చాలామంది ఆ మిగులంతా ట్యాంకర్లకే పోశారు.

కరెంటుకి గృహజ్యోతి ఉంది, అంటే ఇళ్ళకి కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు పథకం. అద్దెకున్నవాళ్ళు కూడా సేవాసింధు అనే ప్రభుత్వ వెబ్‌సైటులో అప్లై చేసుకోవచ్చు. 200 యూనిట్లు దాటిన నెల మాత్రం మొత్తం బిల్లు కట్టాలి, కాబట్టి గీజర్ మీద ఓ కన్నేసి ఉంచండి. ఆధార్‌లో కర్ణాటక అడ్రస్ ఉన్న ఆడవాళ్ళకి శక్తి పథకం కింద ఆర్డినరీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అడ్రస్ మార్చుకోవడం వాయిదా వేయకండి. 2025 ఫిబ్రవరిలో మెట్రో ఛార్జీలు బాగా పెరిగాయి, గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90కి వెళ్ళింది. స్మార్ట్ కార్డు ఉంటే కొంత తగ్గుతుంది.

ఇక వంటిల్లు. మన పెద్దవాళ్ళ పద్ధతి నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. ధర తక్కువగా ఉన్నప్పుడు ఏడాది సరుకు కొని, పాడవకుండా దాచుకోవడమే వాళ్ళ పొదుపు. తిండిలో మాత్రం లోటు రానిచ్చేవాళ్ళు కాదు. ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి తెచ్చేసుకోండి. కాకపోతే బెంగళూరు చెమ్మకి పప్పు తొందరగా పురుగు పడుతుంది. మా అమ్మ పప్పుని చాపమీద పోసి, అరచేతులకి ఆముదం రాసుకుని, గింజ గింజకీ అంటేలా నెమ్మదిగా కలిపేది. తర్వాత ఒకరోజు ఎండలో పెట్టి డబ్బాకెత్తేది. ఇప్పుడు నేను మా బాల్కనీలో అదే చేస్తాను, వానాకాలం గడిచినా పప్పు నిగనిగలాడుతూ ఉంటుంది. చింతపండుకి గింజలు తీసి, ఉప్పు చల్లి జాడీలో నొక్కిపెడితే చాలు. బియ్యంలో ఎండిన వేపాకు వేయండి. ఇద్దరే ఉన్న ఇంటికి పాతిక కిలోల బస్తా ఎక్కువే. పక్క ఫ్లాట్ తెలుగువాళ్ళతో కలిసి కొని పంచుకోండి. కూరగాయలు, పళ్ళు హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) కొట్లో తీసుకోండి, బోర్డు మీద ధర రాసి ఉంటుంది, బేరం గొడవుండదు. చలికాలంలో ఇక్కడ అనపకాయలు రాశులు పోస్తారు. ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో ఖరీదైన కూరలు వెతుక్కోవడం ఎందుకు?

ఒక్క విషయంలో మాత్రం పాత అలవాటుని గుడ్డిగా పాటించొద్దంటాను. మనవాళ్ళకి చీటీ అంటే నమ్మకం. ఊళ్ళో చీటీ నడిపేవాళ్ళ ఇల్లూ వాకిలీ అందరికీ తెలుసు. ఇక్కడ ఆఫీసులో పరిచయమైన తెలుగాయన రేపు ఇంకో ఊరు వెళ్ళిపోవచ్చు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీ అయితేనే కట్టండి, అడ్వాన్సు కోసం దాచుకున్న డబ్బు మాత్రం అందులోనూ పెట్టకండి. అది బ్యాంకులో డిపాజిట్‌గా వేసుకుంటే, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు పాత ఓనర్ డబ్బు తిరిగిచ్చేదాకా అప్పు చేయకుండా గడిచిపోతుంది.