ఫుట్‌పాత్‌కి రంగులేస్తే బైకులు ఎక్కడం ఆగుతుందా?

మీ వీధి ఫుట్‌పాత్ మీద ముగ్గులు, బొమ్మలు వేస్తే బైకులు ఆగుతాయా అని అడిగారు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మా వీధిలో మేం వేశాం. బైకులు ఆగలేదు. కానీ అప్పటిదాకా రోడ్డు మీదే నడిచిన జనం ఫుట్‌పాత్ ఎక్కారు.

అంతకుముందు ఎందుకు ఎక్కేవాళ్ళు కాదంటే, ట్రాన్స్‌ఫార్మర్ కింద చెత్త గుట్ట, దాని పక్కనే డ్రైను మీద ఒక స్లాబు లేదు. స్లాబు కోసం మూడు నెలలు తిరిగాం. విసుగొచ్చి ఆ గుంత చుట్టూ నోరు తెరిచిన మొసలిని గీశాం. ఐడియా మాది కాదులెండి. 2015లో బాదల్ నంజుండస్వామి అనే ఆర్టిస్టు సుల్తాన్‌పాళ్యలో రోడ్డు గుంతలో మొసలి బొమ్మ పెడితే ఊరంతా చూసింది కదా, అదే. ఫోటో నాలుగు గ్రూపుల్లో తిరిగాక స్లాబు వచ్చింది. మొసలి తోక మాత్రం ఇంకా ఉంది.

చెత్తకి ది అగ్లీ ఇండియన్ వాళ్ళ పద్ధతి పట్టుకున్నాం. 2010 నుంచి పేర్లు బయటపెట్టకుండా పనిచేస్తున్న గుంపు అది. ముందు చెత్త ఎత్తి కడగడం, తర్వాతే రంగు. గోడ కింది భాగానికి ఇటుక రంగు వేస్తే పాన్ ఉమ్మినా అంతగా కనబడదు.

మా తప్పు కూడా చెప్పాలి. మెరుస్తుందని ముచ్చటపడి నేల మీద ముగ్గు ఎనామిల్ పెయింట్‌తో వేశాం. మొదటి వానకే కింది ఫ్లోర్ ఆంటీ పాల ప్యాకెట్లతో సహా జారి పడింది, మణికట్టుకి మూడు వారాలు కట్టు. వైరు బ్రష్‌తో అదంతా గీకేసరికి మాకు ఒక ఆదివారం పోయింది. మీరు మెరవని ఎమల్షన్‌లో జల్లించిన సన్న ఇసుక కలిపి వేయండి. నల్లటి మచ్చలు పెద్దగా వేయకండి, చూపు ఆనని పెద్దవాళ్ళకి గుంతలా కనబడి ఆగిపోతారు. చూపులేనివాళ్ళ కోసం వేసిన పసుపు గీతల టైల్స్ ఉంటే వాటి జోలికి అసలు వెళ్ళొద్దు.

రంగు కొనేముందు ఫుట్‌పాత్ వెడల్పు టేపు పెట్టి కొలవండి. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, మాకు కొన్నిచోట్ల మీటరు కూడా రాలేదు. ఫిర్యాదులో ఆ అంకెలు రాశాకే జవాబులు మొదలయ్యాయి.

బైకులంటారా, సాయంత్రం ట్రాఫిక్ ఆగిందంటే ఇప్పటికీ ఎక్కుతాయి. కాకపోతే ఆంటీ ముగ్గు మధ్యలోనే నడుస్తుంది, వెనక ఎంత హారన్ కొట్టినా పక్కకి జరగదు.