మా బడి పిల్లలతో ఇటలీ ఒపెరా వేయించొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి, బొబ్బిలి దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఈసారి యానివర్సరీకి ఇటలీ సంగీతకారుడు దొనిజెత్తి ఒపెరా (మొత్తం పాటలతో నడిచే నాటకం) 'లెలిసిర్ దామోరె', అంటే 'ప్రేమ మందు'ని తెలుగు చేసి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో వేయిద్దామని ఆశ. అందులో ప్రేమ ఉంది, వైన్ ఉంది, పెద్దవాళ్ళేమంటారోనని కొందరు ప్రేమ తీసేసి స్నేహం కథలా మార్చమంటున్నారు. టైమ్ కూడా గంటే. ఏం చెయ్యమంటారు?

జవాబు: ప్రేమ మాత్రం తియ్యొద్దమ్మా, అది తీసేస్తే ఆ కథలో ఏటుంటాది చెప్పండి. 1832లో మిలాన్‌లో మొదటిసారి ఆడిన ఆట, అయినా మన సంతలో జరిగినట్టే ఉంటుంది. నెమొరినో అని పేద అమాయకపు కుర్రాడు, అదీనా అని చదువుకున్న కలిగినింటి అమ్మాయి, ఆ పిల్ల ట్రిస్టన్ కథ చదువుతుంటే అందులో ప్రేమ మందు ఊసు విని అలాంటిది తనకీ దొరికితే బాగుణ్ణు అనుకుంటాడు, ఈలోపు దుల్కమారా అనే మందులాయన బండేసుకుని ఊళ్ళోకొచ్చి మామూలు వైన్ సీసాని అదే మందని అమ్మేస్తాడు, పైగా ఒక రోజు ఆగితేగానీ పనిచెయ్యదంటాడు, అప్పటికి ఆయన ఊరు దాటేస్తాడు కదా. 'ఆడికెవరో మందు పెట్టేసేరు' అనే మాట మన పల్లెల్లో వినని పిల్లలుంటారా, విప్పి చెప్పక్కర్లేదు.

వైన్ బదులు బెల్లం పానకం పెట్టెయ్యండి. నాకైతే పానకమే ఇంకా నచ్చుతుంది, మత్తు లేకుండానే వాడికి ధైర్యం వచ్చిందంటే అది నమ్మకం వల్లేనని పిల్లలకి ఇట్టే తెలుస్తుంది.

కథలో వరస మాత్రం మార్చొద్దు. రెండో సీసాకి డబ్బుల్లేక నెమొరినో మిలటరీలో చేరిపోతాడు, ఇది మన జిల్లాల పిల్లలకి ఇంట్లో సంగతే. అది తెలిసి అదీనా తన డబ్బుతో వాడు మిలటరీకి రాసిచ్చిన కాయితం విడిపిస్తుంది. ఈలోగా నెమొరినో వాళ్ళ మావయ్య పోయి ఆస్తి వాడికొచ్చిందని ఊళ్ళో మిగతా ఆడపిల్లలకి తెలిసి వాడి చుట్టూ మూగుతారు, వాడేమో మందు పనిచేసిందనుకుంటాడు, కానీ అదీనాకి ఆస్తి సంగతే తెలీదు. గంటలో ఇరికించాలని దీన్ని ముందూ వెనకా చేసేరంటే ఆ పిల్ల డబ్బు చూసి వచ్చినట్టయిపోద్ది. పెద్దవాళ్ళెవరైనా ప్రేమ కథేటని అడిగితే ఈ సీన్ చూపించండి చాలు.

అసలు ఆట రెండు గంటలు దాటుతుంది. కోసిన ముక్కలన్నీ హరికథలాగ ఒక్కరి చేత చెప్పించండి. 1919లో విజయనగరంలో సంగీత కాలేజీ పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు గారే కదా, ఆ పద్ధతి మన ఇంటిది, చురుకైన ఆడపిల్లకి చిడతలిచ్చి నిలబెడితే పది నిమిషాల కథ ఒక్క నిమిషంలో దాటించేస్తుంది. అదీనాని పెళ్ళాడదామని చూసే సార్జంట్ బెల్కోరె పాటలు సగం తీసేసినా నష్టం లేదు. దుల్కమారా బండి దిగే పాట మాత్రం పూర్తిగా ఉంచండి, అది గుక్క తిప్పుకోకుండా మందులమ్మే పాట, మాటలు మీ సంతలో పిల్లలు విన్న కేకల్లోంచే తీసుకోండి, ఇటాలియన్‌ని మాటకి మాట తెలుగు చేస్తే నాలిక తిరగదు.

'ఊన ఫుర్తీవ లాగ్రిమ' దగ్గర తొందరపడొద్దు. అదీనా కంట్లో ఒక్క నీటిచుక్క చూసి తనంటే ఇష్టమేనని నెమొరినోకి అర్థమయ్యే పాట అది. తిశ్రగతిలో, అంటే మూడేసి లెక్కలతో, నెమ్మదిగా నడుస్తుంది. అసలు సినిమా స్పీడుకి లాగొద్దు. అది టెనార్, అంటే మగాళ్ళ హెచ్చు గొంతుకి రాసింది, మీ మగపిల్లలకి ఇప్పుడే గొంతులు మారుతుంటాయి, శృతి బాగా దించండి, లేదా నెమొరినో వేషం ఆడపిల్లకే ఇచ్చెయ్యండి, తూర్పు భాగవతంలో మగాళ్ళు సత్యభామ కట్టగా లేనిది ఇదేం తప్పు కాదు. పాటకి ముందు బసూన్ అనే కింది స్థాయి ఊదే వాయిద్యం వాయిస్తారు, మీకు దొరకదు కాబట్టి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే ఆయన్ని బతిమాలండి, కింది స్థాయిలో ఒక్కడే వాయించాలని చెప్పండి. అప్పుడు కోరస్ పిల్లలందర్నీ స్టేజీ దింపెయ్యండి, పాడే బిడ్డ ఒక్కతే ఉండాలి.