వంటచెరకు కోయడానికి 58 సీసీ మిషన్ కొనొచ్చా?

22 అంగుళాల బార్, 58 సీసీ ఇంజిన్ ఉన్న చైన్ సా ఆఫర్‌లో దొరుకుతోంది, ఇంటికి కట్టెలు కోసుకోవడానికి కొనొచ్చా అని అడిగారు. కొనకండి. జవాబు ఇంతే. కానీ ఈ విషయంలో నాకు కడుపు నిండా మాటలున్నాయి, ఓపిక ఉంటే చదవండి.

ముందు బార్ సంగతి, అంటే చైన్ చుట్టూ తిరిగే ఆ పొడుగు పట్టీ. పొయ్యిలోకి వెళ్ళే కట్టె ఎంత లావుంటుందండీ? జానెడు. మహా అయితే మూరెడు మందం దుంగని కోసి, చీల్చి పెట్టుకుంటాం. 16 అంగుళాల బార్‌తో అటు నుంచి ఒక కోత, ఇటు నుంచి ఒక కోత వేస్తే రెండడుగుల మొద్దు కూడా తెగుతుంది. 22 అంగుళాలంటే చైన్ పొడుగు, పళ్ళు ఎక్కువ, పదును పెట్టే చాకిరీ ఎక్కువ. ముందు వైపు బరువెక్కి మధ్యాహ్నానికే నడుం పట్టేస్తుంది. నేల మీద పడున్న కొమ్మ కోసేటప్పుడు ఆ పొడుగు ముక్కు ఎక్కడుందో కోసేవాడికి కనబడదు, తీసుకెళ్ళి మట్టిలో గుచ్చుతాడు. వంటచెరకు కోసం 18 అంగుళాలు దాటిన బార్ కొనేవాడు ఫొటో కోసమే కొంటున్నాడని నా గట్టి నమ్మకం.

సీసీ కూడా అంతే. స్టిల్ కంపెనీది ఎం.ఎస్. 180 అని ఒకటుంది, దాని ఇంజిన్ 31.8 సీసీ. బార్, చైన్, పెట్రోలు లేకుండా నాలుగు కిలోల లోపే బరువు. ఇంటి పొయ్యికి, నీళ్ళ కాగుకి అది చాలా ఎక్కువ. తోట ఉండి, గాలివానలకి పెద్ద మాన్లు పడుతుంటే 45 సీసీ దగ్గర చూసుకోండి. ఎం.ఎస్. 250 ఆ కోవలోదే, హస్క్వర్నా కంపెనీలోనూ ఆ సైజువి ఉన్నాయి. నాకు ఎవరూ కమీషన్ ఇవ్వడం లేదు. వీటి చైన్లు, ఫిల్టర్లు, స్టార్టర్ తాళ్ళు మా వైపు దొరుకుతాయి కాబట్టి చెబుతున్నాను. మీ టౌన్‌లో దేనికి సామాన్లు దొరుకుతాయో ముందు వెళ్ళి కనుక్కోండి, దాన్ని బట్టే మిషన్. ఆన్‌లైన్‌లో వచ్చే పేరు తెలియని మిషన్ల స్టిక్కర్ మీద రాసిన సీసీకీ, లోపల సిలిండర్‌కీ పొంతన ఉండదని మా మెకానిక్ విప్పి మరీ చూపించాడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. తెల్లారి లేచి చూస్తే జీడితోట లేదు, కొబ్బరితోట లేదు. విపత్తు సహాయక దళం, అదే ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు రోడ్డు మీద చెట్లు కోసుకుంటూ లోపలికి రావాల్సి వచ్చింది. ఆ తరవాత చాలా కాలం మా ఊళ్ళో పొద్దున్న లేస్తే మిషన్ల మోతే. చైన్ సా గురించి నాకు తెలిసిందంతా అప్పుడు చూసి నేర్చుకున్నదే, ఏ వీడియో చూసీ కాదు.

మా పెరటి వెనక పెద్ద పనస చెట్టు వేళ్ళతో సహా పెకలించుకుని పడింది. వేళ్ళ చక్రం మట్టితో కలిపి గోడలా నిలబడింది, దాని కింద గొయ్యి. కోయడానికి ఇచ్ఛాపురం అవతలి నుంచి ఒక మేస్త్రీ, అతని తమ్ముడు వచ్చారు. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడేవాళ్ళు. అతని మిషన్ చిన్నది, రంగంతా పోయి ఏ కంపెనీదో కూడా తెలియడం లేదు. అదే వారం మా బావ టౌన్‌లో కొత్త మిషన్ కొన్నాడు. అచ్చం మీరు చూసిన లాంటిదే, 58 సీసీ, 22 అంగుళాలు. మేస్త్రీ మిషన్ చూసి నవ్వాడు కూడా. "నువ్వు ఆ కొస నుంచి రా, నేను ఈ కొస నుంచి వస్తాను, ఎవడు ముందు మొదలు దగ్గరకొస్తాడో చూద్దాం" అని పందెం కట్టినంత పని చేశాడు.

మాది ఇసక నేల. తుపాను గాలికి ఇసక ఎగిరి బెరడు సందుల్లో కూరుకుపోయింది. మా బావ అదేమీ చూడకుండా తాడు లాగి, మిషన్ తెచ్చి మాను మీద పెట్టాడు. మొదటి కోత బాగానే దిగింది. మాను అడుగుకి వచ్చేసరికి బార్ ముక్కు ఇసకలోకి పోయింది. రెండో కోతకి కట్టె రవ్వలు రావడం మానేసి పిండిలాంటి పొడి రాలడం మొదలైంది. ఆయన ఊరుకుంటాడా, మిషన్ మీద బరువంతా వేసి నొక్కాడు. కోత ఒక పక్కకి వంకర పోయింది, పొగ లేచింది, బార్ అంచు నల్లబడింది. మేస్త్రీ ఇంకా మిషన్ స్టార్టే చెయ్యలేదు. కోయబోయే చోటల్లా గొడ్డలితో బెరడు చెక్కి, చీపురు పెట్టి ఇసక దులిపించాడు. మాను కింద సందు వచ్చేలా దుంగ ముక్కలు దోపించాడు. తరవాత కూర్చుని, ఆకురాయి తీసి, ఒక్కో పన్నుకి రెండు మూడు సార్లు, లోపల నుంచి బయటకి. మా బావ "ఏటి బాబూ, కోస్తావా, సాన పట్టుకుంటావా" అంటే అతను మాట్లాడలేదు. మొదలెట్టాక చూడాలి, మిషన్‌ని నొక్కనే లేదు, దాని బరువుకి అదే దిగిపోయింది.

అసలు గండం మొదలు దగ్గర. వేళ్ళ గోడ నీడకి మా వీధి పిల్లలు ఆ గొయ్యిలో దిగి ఆడుకుంటున్నారు. మా బావ వేరే చైన్ వేయించుకుని వచ్చి, మొదలు దగ్గర మిషన్ పెట్టబోయాడు. మేస్త్రీ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తే. "ఆపు! గుంటల్ని తియ్యండి, ముందు గుంటల్ని తియ్యండి." గుంటలంటే మా వైపు పిల్లలు. వాళ్ళని తరిమేసి, వేళ్ళకి లావు తాడు కట్టి వెనక కొబ్బరి మొద్దుకి బిగించాడు. అప్పుడు కోశాడు. మాను తెగగానే బరువు తగ్గిన మొదలు మెల్లగా లేచింది. తాడు కిర్రుమంది. వేళ్ళ చక్రం దానంతటది వెనక్కి వాలి గొయ్యిలో కూర్చుంది. తాడు వదిలాక, పైన మాను లేని పనస మొదలు ఎప్పట్లాగే నిలువుగా నిలబడి ఉంది. పిల్లల అమ్మలు ఒక్కరూ మాట్లాడలేదు.

కాబట్టి ఆన్‌లైన్‌లో పవర్ గురించి ఊదరగొట్టేవాళ్ళు ఈ సంగతులు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. పెట్టె విప్పడం, తాడు లాగడం, సన్నటి సరుగుడు కర్ర ఒకటి కోసి "సూపర్ ఫ్రెండ్స్" అనడం. అదే మిషన్ ఆరు నెలల తరవాత ఎలా ఉందో ఒక్కడైనా చూపించాడా? బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ మొహం మీదకి ఎగురుతుందని ఒక్కడైనా చెప్పాడా? కొనేటప్పుడు ముందు చేతికి అడ్డంగా ఉండే, చైన్‌ని టక్కున ఆపే చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో షాపులోనే చూపించమని అడగండి. షాపువాడు విసుక్కుంటే వేరే షాపుకి వెళ్ళండి.

మిషన్ మీద పెట్టే డబ్బుల్లో కొంత మిగిల్చి ఒక చైన్ అదనంగా, ఒక గుండ్రటి ఆకురాయి, ఒక చదును ఆకురాయి కొనుక్కోండి. చిన్న మిషన్ల చైన్‌కి సాధారణంగా 4 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోతుంది, మీ చైన్‌కి ఏది కావాలో మిషన్‌తో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ట్యాంకు అయిపోయినప్పుడల్లా పళ్ళని ఆకురాయితో ఒకసారి రాయండి. పొడి రాలుతోందంటే పదును పోయినట్టే, అప్పుడు నొక్కి లాభం లేదు. చైన్ ఆయిల్ బదులు బండి లోంచి తీసిన పాత ఇంజినాయిల్ పోసేవాళ్ళు మా ఊళ్ళో బోలెడు. అందులో ఉండే లోహపు పొడి బార్‌నీ, ఆయిల్ పంపునీ తినేస్తుంది.

పెట్రోలు ఇంకో తలనొప్పి. ఇవి టూ స్ట్రోక్ ఇంజిన్లు, 2టి ఆయిల్ కలపాలి. 50కి 1 అని పుస్తకంలో ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్‌లో రబ్బరు పొరలు పాడవుతాయి. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపించి పక్కన పెట్టండి. మా బావ మిషన్ పోయింది మాత్రం ఇథనాల్ వల్ల కాదు. పక్కింటాయన అరువు తీసుకెళ్ళి, బండిలో పోసే ఉత్త పెట్రోలు పోసి నడిపాడు. పిస్టన్ పట్టేసింది. "నేనేం చేశాను, పెట్రోలు పోశాను కదా" అని ఇప్పటికీ అంటాడు. మా ఊళ్ళో ఎడ్లు ఇచ్చినా మిషన్ మాత్రం అరువివ్వకూడదని ఆ రోజే తేలిపోయింది.

ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కి బిగించుకునే చైన్ అటాచ్‌మెంట్ చవగ్గా వస్తుంది కదా అని కామెంట్లలో ఒకాయన అడిగారు. దయచేసి దాని జోలికి వెళ్ళకండి. గ్రైండర్‌కి చైన్ బ్రేక్ ఉండదు, ఆయిల్ పంపు ఉండదు, చెయ్యి తీసినా చైన్ వెంటనే ఆగదు. కరెంటుతో నడిచే అసలైన చైన్ సా వేరే సంగతి. ఇంటి వెనకే కోసుకునేవాళ్ళకి, పెట్రోలు వాసన గిట్టనివాళ్ళకి అది బాగానే ఉంటుంది. తుపాను వచ్చిన మర్నాడు మాత్రం పనికిరాదు, కరెంటు ఉంటే కదా.

నిలబడి ఉన్న చెట్టు కొట్టేటట్టయితే మన ఆంధ్రలో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 నుంచీ ఉంది, అనుమతి ఎవరిని అడగాలో సచివాలయంలో కనుక్కోండి. చెట్టు సొంతదే కదా అనుకుంటే కుదరదు.

మీరు కోసేది ఏ చెట్టో ప్రశ్నలో రాయలేదు. సరుగుడు, జామాయిల్ అయితే చిన్న మిషన్ కళ్ళు మూసుకుని తీసుకోండి. ఎండిన చింత, తుమ్మ అయితే 45 సీసీకి వెళ్ళండి, వీలైతే పచ్చిగా ఉన్నప్పుడే కోసి ఎండబెట్టుకోండి, చైన్ బతుకుతుంది. కొబ్బరి మాను మాత్రం కట్టెలకని కోయకండి. చైన్ పదును తినేస్తుంది, పొయ్యిలో పెడితే సరిగ్గా మండదు.