మోకాలికి ఇంజెక్షన్ చేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగాలంటే నరకం. ఎక్స్‌రే చూసి గ్రేడ్-3 అరుగుదల అన్నారు. ఒక డాక్టరు స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామంటే, ఇంకోచోట ప్లాస్మా ఇంజెక్షన్లతో గుజ్జు పెరుగుతుందన్నారు. స్టిరాయిడ్ అంటే భయంగా ఉంది. ఏది చేయించుకోమంటారు?
– ఒక సోదరి, తణుకు

జవాబు: అరిగిపోయిన గుజ్జును తిరిగి పెంచే ఇంజెక్షన్ ఇప్పటివరకు రాలేదమ్మా. ఆ మాట చెప్పి డబ్బు కట్టమనే చోట కాస్త జాగ్రత్త. మీ రక్తమే తీసి, మెషిన్‌లో తిప్పి, వేరుచేసిన ప్లాస్మాను మోకాలిలోకి ఎక్కించడాన్ని పీఆర్‌పీ అంటారు. కొందరు హాయిగా ఉందంటారు, కాదనను. కానీ 2021లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో కొందరికి పీఆర్‌పీ, కొందరికి ఉత్త సెలైన్ ఎక్కించారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ, గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ‘గుజ్జు ఇంజెక్షన్’ అని చేసే హైలురానిక్ యాసిడ్ జెల్‌కూ ఖర్చెక్కువ, ఫలితం తక్కువ.

స్టిరాయిడ్ సంగతి వేరు. మోకాలు వాచి, నీరు చేరి, నిద్రపట్టనంత నొప్పి ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. అయితే ఆ సుఖం కొన్ని వారాలే, మహా అయితే రెండు మూడు నెలలు. ఒకసారికి భయపడక్కర్లేదు. అదేపనిగా చేయించుకుంటేనే తంటా. 2017లో వెలువడిన అమెరికా అధ్యయనంలో మూణ్నెల్లకోసారి చొప్పున రెండేళ్లు ఇస్తే, సెలైన్ తీసుకున్నవాళ్లకంటే గుజ్జు ఎక్కువ తరిగింది. నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకటే.

మీకు షుగర్ ఉంది కాబట్టి ఇంజెక్షన్ తర్వాత వారం దాకా అది పెరగొచ్చు. ముందే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే రక్తపరీక్ష) చేయించి, ఆ వారం ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో పొద్దున, సాయంత్రం చూసుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. మోకాలు ఎర్రబడి కాలుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

వాపు ఉంటే స్టిరాయిడ్ ఒక్కసారి చేయించుకోండి. లేకపోతే అదీ వద్దు. నొప్పి తగ్గిన ఆ నాలుగు వారాలే తొడ కండరాలు గట్టిపరచుకోవడానికి అదను. చాలామంది అప్పుడే వ్యాయామం వదిలేసి పెళ్లిళ్లకు బయల్దేరతారు! కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు మూడు పూటలా. బరువు ఎక్కువుంటే తగ్గాలి. ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

త్వరలో మోకీలు మార్పిడి చేయించుకునే ఆలోచన ఉంటే మాత్రం ఇంజెక్షన్ జోలికి వెళ్లకండి. చేయించుకున్న మూణ్నెల్లలోపు ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ.