కార్పెంటర్ పనికి కార్డ్‌లెస్ డ్రిల్ చిన్నది తీసుకోవాలా, పెద్దదా?

తమ్మీ, నీ ప్రశ్న చదివాను. మేస్త్రి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు దేవరకొండలో సొంతంగా మొదలుపెడుతున్నావు. వార్డ్‌రోబ్‌లు, కిచెన్ బాక్సులు, తలుపులు బిగించడం, మధ్యమధ్యలో కర్టెన్ రాడ్లు, టీవీ స్టాండ్లు. సామానంతా బండి మీదే. కార్డ్‌లెస్ డ్రిల్ ఇప్పుడు ఒక్కటే కొనగలను, చిన్నది కొనాలా, పక్కన పిడి ఉండే పెద్దది కొనాలా అని అడిగావు. నేను నల్గొండలో ఇదే పని చేస్తాను. హాలియా, మిర్యాలగూడ, అటు కల్వకుర్తి దాటి మహబూబ్‌నగర్ దాకా పనులకు పోతుంటాను. చిన్నవీ పెద్దవీ రెండూ వాడుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. 18 ఓల్టుల కాంపాక్ట్ డ్రిల్ తీసుకో, బ్రష్‌లెస్ మోటారుది, అంటే లోపల అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండనిది. పెద్ద దానికి ఎక్కువ పెట్టే పైసలు కాంక్రీటులో రంధ్రాలు కొట్టే వైరు హామర్ మిషన్‌కు దాచుకో.

ఎందుకో చెప్పేముందు ఒక సంగతి. చిన్న డ్రిల్ కావాలంటే ఒక దుకాణంలో 12 ఓల్టులది చూపిస్తారు, ఇంకో దుకాణంలో 18 ఓల్టుల్లో పొట్టిది చూపిస్తారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 12 ఓల్టుల దాంట్లో మూడు సెల్స్ వరుసగా ఉంటాయి. బ్యాటరీతో కలిపి కిలో అటుఇటుగా తూగుతుంది, బిట్టును పట్టే చక్ 10 ఎంఎం, తిప్పే బలం 30 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. 18 ఓల్టుల కాంపాక్ట్‌లో ఐదు సెల్స్ ఉంటాయి. బరువు కిలోన్నర దగ్గర, చక్ సాధారణంగా 13 ఎంఎం, బలం 50 నుంచి 65 దాకా. పెద్దది కూడా 18 ఓల్టులదే, కానీ గేర్ బాక్సు, మోటారు పెద్దవి. పెద్ద బ్యాటరీ తగిలిస్తే రెండు కిలోలు దాటుతుంది. బలం 100, కొన్నింటికి ఇంకా ఎక్కువ.

డబ్బా మీద 20 ఓల్టులు అని ఉంటే 18 కంటే గొప్పదని అనుకోకు. సెల్ ఒక్కోటి 3.6 ఓల్టులు, ఐదు కలిస్తే 18. అప్పుడే ఛార్జింగ్ తీసిన బ్యాటరీ 20 ఓల్టులు దాటి చూపిస్తుంది, ఆ అంకెను ముద్రిస్తారు. 12 అని రాసింది కూడా అసలు లెక్కలో 10.8 ఓల్టులే. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చే మిషన్ల మీద 48 అనీ, ఇంకా పెద్ద అంకెలూ వేస్తున్నారు. వాటిని చూసి కొనొద్దు.

ఇక పని సంగతి. మన పనిలో రోజంతా చేతిలో డ్రిల్ పట్టుకుని చేసేది ఏంటి? ప్లైలో స్క్రూ దింపడం, హింజ్‌కు గుంత కొట్టడం, సొరుగులు జారే టెలిస్కోపిక్ ఛానెల్ బిగించడం. 35 ఎంఎం స్క్రూ ప్లైలోకి పోవడానికి వంద న్యూటన్ మీటర్లు ఏం చేసుకుంటావు? అక్కడ కావాల్సింది సరైన చోట ఆగడం. చెక్క పీచు, పొట్టు నొక్కి చేసే ఎండీఎఫ్‌లో, పార్టికల్ బోర్డులో స్క్రూ ఒక్క చుట్టు ఎక్కువ తిరిగిందంటే లోపల పట్టు పోతుంది, తర్వాత ఎంత బిగించినా ఊరికే తిరుగుతుంది. అందుకే చక్ వెనక అంకెలున్న క్లచ్ రింగ్‌ను అలవాటు చేసుకో, పెట్టిన బలం దాటగానే అది జారి తిప్పడం ఆపుతుంది. తక్కువ అంకె మీద పెట్టి మొదలుపెట్టు. స్క్రూ తల ఇంకా పైకే ఉండగా టకటకమని జారితే ఒక్కో అంకె పెంచుకుంటూ పో. తల బోర్డుకు సమంగా కూర్చున్న క్షణాన క్లచ్ జారాలి, అదే ఆ బోర్డుకు సరైన అంకె. ప్లై మారితే అంకె మారుతుంది. పెద్ద డ్రిల్‌కూ క్లచ్ ఉంటుంది, కానీ దాన్ని బలమైన పనికి తయారుచేస్తారు కాబట్టి కొన్నింటిలో మొదటి అంకె కూడా మెత్తటి బోర్డుకు ఎక్కువే అవుతుంది.

హింజ్ గుంత 35 ఎంఎం బిట్టుతో కొడతాం కదా. 18 ఎంఎం ప్లైలో గుంత లోతు 12 ఎంఎం దగ్గర ఉంటుంది, కింద మిగిలేది ఆరే. బరువైన మిషన్ నిటారుగా పట్టుకోవడం కష్టం, కొద్దిగా ఒరిగినా ఒక పక్క ఎక్కువ దిగి అవతల లామినేట్ మీద మచ్చ లేస్తుంది. చేతికి తేలిగ్గా ఉంటే బిట్టు ఎటు ఒరుగుతోందో మణికట్టుకు తెలుస్తుంది. 12 ఓల్టుల డ్రిల్ కూడా ఈ గుంత కొడుతుంది, కానీ బిట్టు పదును తగ్గాక గుంజుడు మొదలవుతుంది. నాలుగు తలుపులకు వరుసగా కొట్టేసరికి బాడీ వేడెక్కుతుంది.

లాఫ్ట్ బాక్సులు తలుచుకో. నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో బాక్సు ఆనించి, ఇంకో చేత్తో మెడ పైన మిషన్ పట్టుకుని స్క్రూలు కొట్టాలి. అప్పుడు కిలోన్నరకూ రెండున్నర కిలోలకూ తేడా సాయంత్రం భుజంలో తెలుస్తుంది. ఈ పని మనం ఏళ్ల తరబడి చేయాలి. భుజం పోతే బతుకుదెరువు పోతుంది. పెద్ద డ్రిల్ వద్దనడానికి నాకు ఇదే పెద్ద కారణం.

రెండో కారణం దెబ్బ తగలడం. తలుపుకు గుండ్రటి తాళం పెట్టడానికి హోల్ సా, అంటే గుండ్రటి రంపం బిట్టు, వేస్తాం. టేకు తలుపులో ముడి దగ్గర పళ్లు ఒక్కసారిగా పట్టేశాయనుకో, బిట్టు ఆగిపోతుంది, మిషన్ తిరుగుతుంది. 100 న్యూటన్ మీటర్ల మిషన్‌ను పావు మీటరు పొడవున్న పక్క పిడితో పట్టుకుంటేనే దాదాపు 40 కిలోల బరువు ఒక్కసారి చేతి మీద పడ్డట్టు లెక్క. పిడి లేకుండా ఒంటిచేత్తో పట్టుకుంటే మణికట్టు మెలిపడుతుంది. నా దగ్గర పనిచేసే పిల్లగాడికి అలాగే అయింది. స్టూలు మీద నిలబడ్డాడు, పిడి తగిలించలేదు, చెయ్యి తిరిగి వేళ్లు చౌకట్టుకు కొట్టుకున్నాయి. చాలా రోజులు పనికి రాలేకపోయాడు. కొత్త పెద్ద మిషన్లలో కొన్నింటికి ఇలా తిరగబడితే మోటారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంది. అది లేని పెద్ద డ్రిల్‌ను పక్క పిడి లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకు.

మరి 12 ఓల్టులదే తీసుకుంటే పోదా అంటావేమో. బోర్డు పని ఒక్కటే అయితే అదే చెప్పేవాడిని. కానీ నువ్వు తలుపులు కూడా బిగిస్తానన్నావు. మన ఊళ్లలో దర్వాజలు టేకువే ఉండవు. వేప, నల్లతుమ్మ చాలా ఉంటాయి. పాత ఇంట్లో బాగా ఎండిన తుమ్మ దర్వాజకు కొత్త తలుపు పెట్టాలంటే ముందు సన్న బిట్టుతో దారి చేసి, స్క్రూకు సబ్బు రాసి, మొదటి గేరులో నిదానంగా దింపాలి. 18 ఓల్టుల కాంపాక్ట్ ఈ పని చేస్తుంది. 12 ఓల్టులది సగంలో ఆగిపోతుంది, లేదా స్క్రూ తల అరిగిపోతుంది. గేరు సంగతి చాలామంది పట్టించుకోరు. పైన ఉండే బటన్ ఒకటి మీద ఉంటే నిమిషానికి నాలుగైదు వందల చుట్లు, బలం ఎక్కువ. రెండు మీద ఉంటే పదిహేను వందలు, కొన్నింటికి ఇంకా ఎక్కువ, బలం తక్కువ. స్క్రూకు ఒకటి, సన్న బిట్టుకు రెండు. తిరుగుతున్నప్పుడు మార్చకు, గేర్ పళ్లు పోతాయి.

ఇప్పుడు గోడ. పెద్ద డ్రిల్ కొనాలనుకునే వాళ్లలో ఎక్కువమంది మనసులో ఉండేది ఇదే: పెద్దదైతే పిల్లర్‌లో కూడా దిగుతుందని. సరిగ్గా దిగదు తమ్మీ. కార్డ్‌లెస్ డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉంటే లోపల రెండు పళ్ల బిళ్లలు ఒకదాని మీద ఒకటి దూకుతుంటాయి, అంతే. ఎర్ర ఇటుకలో, సిమెంట్ ఇటుకలో ఆరు, ఎనిమిది ఎంఎం రంధ్రానికి అది సరిపోతుంది, కాంపాక్ట్‌లో ఉన్నదీ సరిపోతుంది. కాంక్రీటులో అది అంతగా పనికిరాదు. అందులోనూ మన వైపు క్రషర్ కంకర చాలావరకు గ్రానైట్ జాతి రాయి. బిట్టు ఆ రాయి మీద పడిందంటే మిషన్ ఎంత పెద్దదైనా మొన ఎర్రబడి అరిగిపోతుంది తప్ప రంధ్రం సరిగ్గా పడదు. నువ్వు ఎంత బలంగా ఒత్తితే అంత తొందరగా అరుగుతుంది.

హామర్ మిషన్ లోపల జరిగేది వేరు. దాంట్లో ఒక పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒత్తిడి సుత్తిని తోసి బిట్టు వెనక కొడుతుంది. దానికి వాడే ఎస్‌డీఎస్ రకం బిట్టు చక్‌లో ముందుకూ వెనక్కూ కదిలేలా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా రాయికి చేరుతుంది. రెండు కిలోల తరగతి హామర్ దెబ్బ శక్తి 2 నుంచి 3 జౌల్స్ ఉంటుంది. దానికి పిల్లర్‌లో ఎనిమిది ఎంఎం రంధ్రం పెద్ద పని కాదు, ఒత్తాల్సిన అవసరమే ఉండదు. కర్టెన్ రాడ్ బ్రాకెట్లు సరిగ్గా కిటికీ పైన కాంక్రీటు లింటెల్‌లోకే వస్తాయి. టీవీ స్టాండ్‌కు ఒక్కోసారి పిల్లరే దొరుకుతుంది. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడి చూస్తుంటే రంధ్రం పడక ప్లాస్టర్ పెచ్చులు ఊడుతుంటే ఎంత టెన్షనో నీకు తెలుసు. అందుకే నీ రెండో మిషన్ హామర్. వైరుదైతే తక్కువ ధరకు వస్తుంది, ఏళ్లు నిలుస్తుంది.

కొత్త ఇళ్లలో ఇంకా మీటరు రాకముందే పని మొదలవుతుందని, పక్కింటి నుంచి వైరు లాగాల్సి వస్తుందని నీకు తెలియంది కాదు. కొన్నాళ్లకు కార్డ్‌లెస్ హామర్ కూడా కావాలనిపిస్తుంది. బాష్, మకిటా, డీవాల్ట్ ఏదైనా సరే, ఈ రోజు ఏ కంపెనీ డ్రిల్ కొంటావో రేపు హామర్, జిగ్‌సా అన్నీ అదే బ్యాటరీతో నడిచేవి కొనాల్సి వస్తుంది. ఒక కంపెనీ బ్యాటరీ మామూలుగా ఇంకోదానికి పట్టదు. ఒకే కంపెనీలో కూడా 12 ఓల్టుల బ్యాటరీ 18 దానికి పట్టదు. 18 తో మొదలుపెట్టమని చెప్పడానికి ఇదో కారణం. బ్యాటరీలు, ఛార్జర్ కలిపితే చాలాసార్లు ఉత్త మిషన్ కంటే ఎక్కువ ధర అవుతాయి. అందుకే డ్రిల్‌ను ఒక్కదాన్నే చూడకు, ఆ కంపెనీలో నీకు కావాల్సిన హామర్ ఉందా, నల్గొండలోనో హైదరాబాద్‌లోనో రిపేరు చేసేవాళ్లున్నారా అని చూసి కొను.

బ్యాటరీలు రెండు ఆంపియర్ అవర్‌వి (ఎంత ఛార్జ్ నిలుస్తుందో చెప్పే అంకె అది) రెండు వచ్చే సెట్ తీసుకో. ఒకటి పనిలో, ఒకటి ఛార్జింగ్‌లో. తర్వాత నాలుగుది ఒకటి కొనుక్కో. నాలుగు దాంట్లో మామూలుగా పది సెల్స్ ఉంటాయి, జంటలు జంటలుగా. ఎక్కువసేపు రావడం ఒక్కటే కాదు, గట్టి చెక్కలో లోడు పడ్డప్పుడు ఒక్కో సెల్ మీద భారం సగమవుతుంది, మిషన్ గుంజకుండా తిరుగుతుంది. అంటే తుమ్మ దర్వాజ రోజున అదే కాంపాక్ట్‌కు పెద్ద బ్యాటరీ తగిలించు, లాఫ్ట్ రోజున చిన్నది తగిలించు. ఒక్క మిషన్ రెండు రకాలుగా పనికొస్తుంది.

మన ఎండలు బ్యాటరీకి పెద్ద శత్రువు. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఇంకా ఎక్కువ ఉంటుంది. పని చేసి వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జర్‌లో పెడితే లైటు మిణుకుమిణుకుమంటుంది, ఛార్జింగ్ ఎక్కదు. అది పాడైనట్టు కాదు, చల్లారేదాకా ఛార్జరే ఆపుతుంది. బాత్రూం గచ్చు మీదో, నీడలో బండ మీదో పెట్టు, నీళ్లు మాత్రం తగలనీయకు. మధ్యాహ్నం బ్యాటరీలను బండిలో వదలకుండా నీతోపాటు లోపలికి తెచ్చుకో. వర్షాకాలంలో పనులు తగ్గి పెట్టెలో పెట్టాల్సి వస్తే పూర్తిగా ఖాళీ చేసి పెట్టకు, సగం ఛార్జింగ్ ఉండనివ్వు.

పెద్ద డ్రిల్ అసలు ఎవరికీ వద్దని కాదు. గ్రిల్ పని, ఇనుప గేట్ల పని చేసేవాళ్లకు, మందపాటి దూలాల్లో 20 ఎంఎం రంధ్రాలు కొట్టేవాళ్లకు అది కావాలి. షాద్‌నగర్, జడ్చర్ల వైపు కోళ్ల ఫారాల షెడ్లకు రేకులు బిగించే పని నీకు దొరికితే అప్పుడు కూడా పెద్ద డ్రిల్ కాకుండా ఇంపాక్ట్ డ్రైవర్ కొను. దాని తల చిన్నది, తిప్పుతూనే అడ్డంగా దెబ్బ వేస్తుంది, రేకు స్క్రూలు చేతికి గుంజుడు లేకుండా దిగుతాయి. దానికి చెవులకు ప్లగ్గులు పెట్టుకో, చప్పుడు చాలా ఎక్కువ. ప్లై పనికి మాత్రం దాన్ని వాడకు, చాలావాటికి క్లచ్ రింగ్ ఉండదు.

దుకాణానికి పోయినప్పుడు డబ్బాలో పెట్టి చూపిస్తే ఒప్పుకోకు. బ్యాటరీ తగిలించమని చెప్పి, మిషన్‌ను తల కంటే పైకెత్తి కాసేపు పట్టుకో. చక్‌లో సన్న బిట్టు బిగించి నిదానంగా తిప్పి చూడు, మొన గుండ్రంగా ఊగుతుంటే ఇంకో పీసు అడుగు. ట్రిగ్గర్ కొద్దికొద్దిగా నొక్కితే కొద్దికొద్దిగానే తిరగాలి, ఒక్కసారి దూకకూడదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ధర తగ్గుతుందని పోయినా సరే, మిషన్ నంబరు వేసిన పక్కా బిల్లు లేకుండా తెచ్చుకోకు, వారంటీకి అదే అడుగుతారు. బ్యాటరీ విడిగా కొనేటప్పుడు కూడా అంతే, నకిలీవి బాగా తిరుగుతున్నాయి.